నీలం వచ్చింది సరే, దేనివల్ల వచ్చింది?

రంగులేని ద్రావణంలో కాస్త నల్లటి పొడి వేసి రెండు చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే, నిమిషాల్లో ట్యూబంతా నీలంగా మారుతుంది. ఎంజైమ్‌ల పని చేసిపెట్టే అతి చిన్న కణాల్ని నానోజైమ్‌లు అంటారు, వాటి మీద ఏ సెమినార్‌కి వెళ్ళినా ఈ ఫోటో ఉంటుంది. దాని పక్కన లేత నీలం నుంచి ముదురు నీలం దాకా వరసగా పేర్చిన ట్యూబులు, ఆ పక్కన గ్రాఫ్ మీద ఒక తిన్నటి గీత, చివర్లో తప్పకుండా ఒక స్మార్ట్‌ఫోన్ బొమ్మ. గ్లూకోజ్, పాదరసం, పురుగుమందు, ఫ్లోరైడ్, పాలల్లో కల్తీ, ఏది కావాలంటే అది ఈ రంగుతో పట్టేయొచ్చని ఆఖరి స్లైడ్ చెబుతుంది.

బెంగళూరులో ఈ పని చేస్తున్న తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు. గుంటూరులోనో కర్నూలులోనో ఎమ్మెస్సీ చేసి వచ్చి, యశ్వంతపూర్ చుట్టుపక్కల గదులు తీసుకుని, రాత్రి పొద్దుపోయాక ల్యాబ్ నుంచి బయటపడి ఆంధ్రా మెస్‌లో పప్పూ గోంగూరా కలుపుకుంటూ కనిపిస్తారు. తెలివైనవాళ్ళు, ఒళ్ళు దాచుకోరు. నేను టెస్ట్ కిట్లు చేసే ఒక చిన్న కంపెనీలో రీజెంట్ల పని చూస్తాను. అందుకని వాళ్ళ పోస్టర్లు వదలకుండా చదువుతాను. వాళ్ళు “ఫీల్డులో వాడుకోవడానికి అవకాశం ఉంది” అని రాసి ఆపేసిన చోటే నా ఉద్యోగం మొదలవుతుంది.

వాళ్ళతో నా పేచీ ఇది. నీలం తెప్పించే పందెంలో నానోజైమ్‌లు ఎప్పుడో గెలిచాయి. అయినా ఇంకా అదే పందెం పరిగెడుతున్నాం. ఆ నీలం దేనివల్ల వచ్చిందో చెప్పగలగడం అసలు పని. దాని దగ్గరికి వచ్చేసరికి చాలా పేపర్లు తల పక్కకి తిప్పుకుంటున్నాయి.

ముందు రసాయనం సంగతి చూద్దాం, లేకపోతే పేచీ అర్థం కాదు. జంతువుల్లోనూ మొక్కల్లోనూ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లు ఉంటాయి. ల్యాబుల్లో ఎక్కువగా వాడేది హార్స్‌ర్యాడిష్ అనే ఘాటైన దుంప నుంచి తీస్తారు. అందరూ హెచ్‌ఆర్‌పీ అనే అంటారు. అది పెరాక్సైడ్ సాయంతో ఎదురుగా ఉన్న పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు లాగేస్తుంది. ఆ ఎదుటి పదార్థం టీఎంబీ (టెట్రామెథైల్‌బెంజిడిన్ అనే రంగులేని రసాయనం) అయితే నీలం రంగు పుడుతుంది, 652 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. యాసిడ్ పోసి ఆపితే పసుపుగా మారుతుంది, అప్పుడు 450 దగ్గర చదువుతారు. యాంటీబాడీలతో చేసే ఎలైజా అనే ల్యాబ్ పరీక్షల్లో చాలావాటికి ఆఖరి మెట్టు ఇదే. టీఎంబీకి ముందు బెంజిడిన్ వాడేవాళ్ళు. అది క్యాన్సర్ తెస్తుందని తేలడంతో, రక్తపు మరకల్ని పట్టడానికి దానికంటే భద్రమైనదిగా 1974లో టీఎంబీని ప్రతిపాదించారు. ఇప్పుడు ఏ ల్యాబ్ ఫ్రిజ్ తెరిచినా ఆ సీసా ఉంటుంది.

2007లో బీజింగ్‌లోని బయోఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో యాన్ షియున్ బృందం నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో ఒక పేపరు వేసింది. అప్పటిదాకా ఐరన్ ఆక్సైడ్ నానోకణాల్ని ఎక్కువగా వాటి అయస్కాంత గుణం కోసమే వాడేవాళ్ళు. వాటి పైన ఎంజైమ్ అంటించకపోయినా అవే టీఎంబీని నీలం చేస్తున్నాయని వీళ్ళు చూపించారు. ఇనుమూ పెరాక్సైడూ కలిస్తే ఆక్సీకరణం జోరుగా సాగుతుందని ఫెంటన్ 1894లోనే చెప్పాడు కదా, ఇందులో కొత్తేముంది అని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్న వస్తుందని వాళ్ళకీ తెలుసు. కణాల నుంచి ద్రావణంలోకి కరిగి వచ్చిన ఇనుము ఎంతో కొలిచి, ఈ పనికి అది చాలదని, పని జరిగేది కణం ఉపరితలం మీదనే అని చూపించారు. నిజాయితీగల పేపరు అది. తర్వాత వచ్చిన గాలివానకి దాన్ని తప్పు పట్టలేం.

ఆ పేపరులో చాలామంది పట్టుకు వేలాడిన మాట, కణం హెచ్‌ఆర్‌పీ కంటే చురుకైనది అన్నది. ఒక కణానికి ఒక ఎంజైమ్ అణువు చొప్పున లెక్క కడితే నిజమే. కానీ కాగితం పెన్సిలు తీసుకుని చూడండి. 300 నానోమీటర్ల మాగ్నెటైట్ (అదే ఆ ఐరన్ ఆక్సైడ్) కణం ఒక్కటి, సాంద్రత 5.2 అనుకుంటే, సుమారు 7.3 × 10⁻¹⁴ గ్రాములు తూగుతుంది. 44,000 అణుభారం ఉన్న హెచ్‌ఆర్‌పీ అణువు ఒక్కటి 7.3 × 10⁻²⁰ గ్రాములు. అంటే కణం బరువు ఎంజైమ్ బరువుకి పది లక్షల రెట్లు! అంత బరువున్నది పదిరెట్లో నలభై రెట్లో ఎక్కువ పని చేసిందంటే, గ్రాముకి గ్రాము చూస్తే ఎంజైమే ఎంతో ముందుంది. పైగా పెరాక్సైడ్ దగ్గర మైకేలిస్ స్థిరాంకం హెచ్‌ఆర్‌పీకి 3.7 మిల్లీమోలార్, ఆ కణానికి 154. సగం వేగం అందుకోవడానికే కణానికి అంతంత పెరాక్సైడ్ పోయాలి. ఈ రెండో అంకె కూడా అదే పేపరులో, అదే పట్టికలో ఉంది. దాన్ని ఎత్తి చూపేవాళ్ళు తక్కువ. చురుకుని ఎలా కొలవాలో ఒక ఉమ్మడి పద్ధతి 2018లో నేచర్ ప్రోటోకాల్స్‌లో వచ్చింది, బరువు లెక్కన యూనిట్లు చెప్పమంది. ఇప్పటికీ పోస్టర్ల మీద మనిషికో లెక్క కనిపిస్తుంది.

వేగం తక్కువైతే పోనివ్వండి, నాకు దాని మీద పట్టింపు లేదు. పొడి చవక, ఇంకాస్త వేస్తే సరిపోతుంది. చిక్కంతా వేరే చోట ఉంది. ఎంజైమ్‌కి లోపల ఒక గుంట ఉంటుంది, అందులో ఇమిడేది ఇముడుతుంది, ఇమడనిది బయటే ఉంటుంది. నానోకణానికి అలాంటి గుంట లేదు. ఊరికుక్కలాంటిది అది. ఎవరొచ్చినా మొరుగుతుంది. ఎవరో వచ్చారని తెలుస్తుంది, వచ్చింది చుట్టమో దొంగో తలుపు తీసి చూస్తేగానీ తెలియదు.

ఈ మొరుగుడు మీద ఎన్ని పేపర్లు కట్టారో చూస్తే నవ్వొస్తుంది. నీలంగా మారిన టీఎంబీలో విటమిన్ సి వేస్తే రంగు పోతుంది, కాబట్టి ఇది విటమిన్ సి సెన్సర్. గ్లూటాథయోన్ వేసినా పోతుంది, కాబట్టి గ్లూటాథయోన్ సెన్సర్. సిస్టీన్ వేసినా, టానిక్ యాసిడ్ వేసినా అంతే. ఒకటే ట్యూబు, ఒకటే రంగు వెలిసిపోవడం, టైటిళ్ళు మాత్రం వేరు. మరి ఒకదాన్నొకటి అడ్డుకోవా అని సెలెక్టివిటీ గ్రాఫ్ చూస్తే సోడియం, పొటాషియం, యూరియా, గ్లైసీన్ లాంటి అమాయకులే వరసలో నిలబడి ఉంటారు. రంగు పోగొట్టగల అసలు ప్రత్యర్థిని పక్కన నిలబెట్టిన గ్రాఫ్ అరుదు.

ఇది కొత్తగా వచ్చిన తలనొప్పి అయితే కాలమే నేర్పుతుందిలే అనుకోవచ్చు. వైద్యరంగం ఈ పాఠం ఎప్పుడో చదివేసింది. పేగుల్లో కంటికి కనపడని రక్తస్రావం ఉందేమో చూడటానికి గ్వాయాకం అనే చెట్టు జిగురు పూసిన కాగితం మీద మలం శాంపిల్ రాసి, పెరాక్సైడ్ చుక్క వేసేవాళ్ళు. రక్తంలోని హీమ్ అనే ఇనుమున్న భాగం పెరాక్సిడేజ్ లాగా ప్రవర్తించి నీలం తెస్తుంది. మనం ఇప్పుడు నానోజైమ్ అని మురిసిపోతున్న పనే, హీమ్ చేస్తుంది. కానీ ఆ పరీక్షకి ముందు కొన్నాళ్ళు మాంసం తినొద్దనేవాళ్ళు. ముల్లంగి, టర్నిప్ లాంటివి తినొద్దనేవాళ్ళు, వాటిలో మొక్కల పెరాక్సిడేజ్ ఉంటుంది కాబట్టి. విటమిన్ సి మాత్రలు ఆపమనేవాళ్ళు, అవి రంగుని చంపేస్తాయి కాబట్టి. ఈ ఆఖరిది అన్నిటికంటే ప్రమాదం. లేని జబ్బు ఉందని చెబితే ఇంకో పరీక్షతో తేలిపోతుంది, ఉన్న రక్తం లేదని చెబితే మనిషి ఇంటికి వెళ్ళిపోతాడు. చివరికి చాలా దేశాలు మనిషి హీమోగ్లోబిన్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ పరీక్షకి మారిపోయాయి. రంగు తెచ్చే రసాయనాన్ని మెరుగుపరచడం వల్ల ఆ చిక్కు తీరలేదు. రంగుకి ముందు ఒక గుర్తింపు మెట్టు పెట్టడం వల్ల తీరింది.

గ్లూకోజ్ సంగతి ఇంకా విచిత్రం. నానోజైమ్‌తో షుగర్ పరీక్ష అని 2008 నుంచి పేపర్లు వస్తున్నాయి. లోపలికి వెళ్ళి చూస్తే గ్లూకోజ్‌ని గుర్తుపట్టేది గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే అసలు సిసలు ఎంజైమ్. అది గ్లూకోజ్‌ని మార్చి పెరాక్సైడ్ వదులుతుంది, ఆ పెరాక్సైడ్‌ని చూసి మన కణం మొరుగుతుంది. ఎంజైమ్‌ల బదులు అని మొదలుపెట్టి ఎంజైమ్ దగ్గరే తేలామన్నమాట. దానికి తోడు ఆ ఎంజైమ్‌కి తటస్థానికి దగ్గరగా ఉన్న పీహెచ్ కావాలి, ఐరన్ ఆక్సైడ్‌కి 4 దగ్గర కావాలి. కాబట్టి ముందు ఒక ట్యూబులో ఒక పని, తర్వాత ఇంకో బఫర్‌లో (పీహెచ్‌ని ఒక చోట నిలిపి ఉంచే ద్రావణంలో) ఇంకో పని. 1956లో వచ్చిన క్లినిస్టిక్స్ అనే మూత్రం స్ట్రిప్‌లో రెండు ఎంజైమ్‌లూ ఒకే కాగితం మీద ఎండి ఉండేవి, ముంచి తీస్తే చాలు. దానికంటే రెండు మెట్లు ఎక్కువ ఎక్కించి కొత్త తరం అంటే కిట్టు కొనేవాడు ఒప్పుకోడు.

ఇప్పుడు బెంగళూరు కుళాయి దగ్గరికి రండి. పేపర్లలో “నిజమైన శాంపిల్” అనే విభాగానికి ఎక్కువగా బలయ్యేది ల్యాబులో కుళాయి నీళ్ళే. మన దగ్గర అది వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎక్కి వచ్చే కావేరి. దాంట్లో క్లోరిన్ ఉంటుంది, ఉండాలి కూడా. ఇళ్ళకి చేరే నీళ్ళల్లో కనీసం లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని మన బీఐఎస్ ప్రమాణం. ఆ క్లోరిన్ ఏ నానోకణమూ లేకుండానే టీఎంబీని ఆక్సీకరణం చేస్తుంది. నీళ్ళల్లో క్లోరిన్‌ని కొలవడానికే టీఎంబీ వాడే పద్ధతులు ఉన్నాయి. మరి కుళాయి నీళ్ళల్లో పాదరసం కొలిచామన్నవాళ్ళ బ్లాంక్ (పాదరసం కలపని ట్యూబు) ఎందుకు తెల్లగా ఉంది? నీళ్ళు పట్టి కాసేపు ఉంచారు, వడకట్టారు, బఫర్‌తో పలచన చేశారు, ఆ తర్వాత తెలిసిన మోతాదు పాదరసం తామే కలిపి, కలిపినదాంట్లో 98 శాతం కనపడిందని రాశారు. మనం వేసింది మనకి తిరిగి కనపడితే కూడిక సరిగ్గా వచ్చినట్టు. ఆ నీళ్ళ గురించి మనకి కొత్తగా తెలిసిందేమీ లేదు.

పాలు ఇంకా మొండి శాంపిల్. పచ్చిపాలల్లో లాక్టోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ సహజంగానే ఉంటుంది. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచే మామూలు పాశ్చరైజేషన్‌కి అది చావదు, 80 దాటితేనే చస్తుంది. పాలు ఎంత వేడి చూశాయో తెలుసుకునే పాత స్టార్క్ పరీక్ష ఆధారపడేది దీని మీదే. కాబట్టి చెడిపోకుండా ఎవరైనా పాలల్లో పెరాక్సైడ్ కలిపారేమో చూడటానికి నానోజైమ్ అక్కర్లేదు. రంగు తెచ్చే రసాయనం రెండు చుక్కలు వేస్తే పాలే తన సొంత ఎంజైమ్‌తో నీలం చేసి చూపిస్తాయి. కల్తీ పరీక్షలు చేసేవాళ్ళకి ఇది ఎప్పటినుంచో తెలిసిన చిట్కా. ఇంకో మాట. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో చేసిన జాతీయ పాల సర్వేలో 6,432 శాంపిళ్ళు చూస్తే కల్తీ తేలినవి 12. వాట్సాప్‌లో తిరిగే లెక్కలకీ దీనికీ పొంతన ఉండదు, అది వేరే ఏడుపు. అసలు భయపెట్టిన అంకె అఫ్లాటాక్సిన్ ఎం1ది. 368 శాంపిళ్ళల్లో హద్దు మించి ఉంది. పశువుల దాణాకి బూజు పట్టడం వల్ల వచ్చే విషం అది. కల్తీ చేసేవాడిని పట్టుకుంటే ఆగేది కాదు.

అఫ్లాటాక్సిన్ దగ్గర నానోజైమ్‌కి నేను ఓటేస్తాను. పాలల్లో దాని హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రాములు. అంత కొంచెం పదార్థాన్ని గర్భ పరీక్ష స్ట్రిప్ మీద కనిపించేలాంటి బంగారు కణాల ఎర్రగీతతో కంటికి చూపించడం కష్టం, కాబట్టి రంగుని పెంచే యంత్రాంగం నిజంగా కావాలి. గుర్తుపట్టే పని యాంటీబాడీ చూసుకుంటుంది, నానోకణం గొంతు పెంచే పనికి పరిమితమవుతుంది. ఈ పొత్తు కుదురుతుందని ఇప్పటికే చూపించారు. 2015లో యాన్ బృందమే ఎబోలాకి అలాంటి స్ట్రిప్ చేసింది. మామూలు బంగారు స్ట్రిప్ కంటే వందరెట్లు తక్కువ మోతాదుని పట్టింది. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో మాలీ స్టీవెన్స్ బృందం ప్లాటినం కణాలతో హెచ్‌ఐవీ పీ24 ప్రోటీన్‌ని ఫెమ్టోమోలార్ స్థాయిలో కంటికి చూపించింది. రెండు చోట్లా గుర్తింపు యాంటీబాడీలాంటి ప్రోటీన్లదే. కణం ఎంత గట్టిగా అరిచినా, ఎప్పుడు అరవాలో ఇంకొకరు చెబుతున్నారు.

ఇక ఫ్లోరైడ్. మా సొంతూరు కనిగిరి పక్కన. ఆ ప్రాంతం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలిసారి వైద్య పత్రికలో రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లా పల్లెల గురించే. బెంగళూరుకి ఉత్తరాన బాగేపల్లి, చింతామణి, ఇటు కోలారు వైపు ముల్బాగల్, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే ఆ తాలూకాల బోర్లదీ అదే కథ. మా బాబాయ్ ఈ మధ్య ఫోన్ చేసి, “ఏందబ్బాయా, ఏదో కాయితం నీళ్ళల్లో ముంచితే రంగొస్తదంట గదా, మీ కంపెనీలో చేస్తన్నారా? రెండు పంపియ్యి, బోరు నీళ్ళు చూసుకుంటా” అన్నాడు. “మా దగ్గర లేదు బాబాయ్, ఉన్నా పంపను” అన్నాను. ఎందుకు పంపవురా అని గదమాయించాడు. వివరంగా చెబితే ఇంత అవుతుంది.

సీరియం ఆక్సైడ్ నానోకణాలు పెరాక్సైడ్ కూడా లేకుండా గాలిలోని ఆక్సిజన్‌తోనే టీఎంబీని నీలం చేస్తాయి. అయితే తయారైన నీలం పదార్థం ఆ కణం మీదే అతుక్కుపోయి పని మందగిస్తుంది. ఫ్లోరైడ్ చేరితే కణం ఉపరితలం మారి ఆ పదార్థం ఊడి వచ్చేస్తుంది, పని అమాంతం పెరుగుతుంది. 2016లో కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో జువెన్ ల్యూ బృందం దీన్ని చూపించింది. నాకు బాగా నచ్చిన పని. అందులో ఫ్లోరైడ్‌కి ఒక సొంత కారణం ఉంది, ఏది వేసినా రంగు పోతుందన్న బాపతు కాదు. మరి అభ్యంతరం ఏమిటంటే, నీళ్ళు.

ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళకి ఒక స్వభావం ఉంది. కాల్షియం తక్కువ, సోడియం ఎక్కువ, బైకార్బనేట్ బాగా ఎక్కువ. ఫ్లోరైడ్ రాళ్ళ నుంచి కరిగి రావడానికి కారణమే ఆ క్షారత. కానీ సీరియం ఆక్సైడ్ పనిచేసేది పీహెచ్ 4 దగ్గర. ల్యాబులో మిల్లీక్యూ నీళ్ళకి (బాగా శుద్ధి చేసిన నీళ్ళకి) సరిపోయిన పలచటి బఫర్ ఈ నీళ్ళు తగలగానే చిత్తవుతుంది. పీహెచ్ కాస్త పైకి జరిగితే రంగు తగ్గుతుంది, ఫ్లోరైడ్ తక్కువుందని స్ట్రిప్ చెబుతుంది. అంటే ఎక్కడ ఫ్లోరైడ్ ఎక్కువో సరిగ్గా అక్కడే తక్కువ చూపించే పరికరం. నీళ్ళల్లో ఫాస్ఫేట్ ఉంటే అదీ వెళ్ళి సీరియం ఉపరితలాన్ని పట్టేసుకుంటుంది. కోలారు చెరువులకి 2018 నుంచి బెంగళూరు శుద్ధిచేసిన మురుగునీళ్ళు పంపుతున్నారు. అటువైపు బావిలో ఎవరైనా ఈ స్ట్రిప్ ముంచాలనుకుంటే ఫాస్ఫేట్ ఎంతుందో ముందు అడగాలి.

అల్యూమినియం సంగతి కూడా చెప్పాలి. పటికా సున్నం వేసి ఫ్లోరైడ్ దించే నల్లగొండ పద్ధతి మనవాళ్ళకి తెలిసిందే, నాగ్‌పూర్ నీరీ సంస్థ రూపొందించింది. శుద్ధి అయిన నీళ్ళల్లో పటిక నుంచి మిగిలిపోయిన అల్యూమినియం, ఫ్లోరైడ్‌ని కౌగిలించుకుని కూర్చుంటుంది. రంగు పరీక్షకి ఆ ఫ్లోరైడ్ కనపడదు, తాగినవాడి ఒంట్లోకి మాత్రం వెళుతుంది. ఇది పాత జిర్కోనియం రంగు కిట్లకీ ఉన్న జబ్బే. ల్యాబులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడేటప్పుడు ప్రత్యేకమైన బఫర్ ఒకటి కలుపుతారు. అది పీహెచ్‌ని ఒక చోట నిలబెట్టి, అల్యూమినియం చేతిలోంచి ఫ్లోరైడ్‌ని విడిపిస్తుంది. ఆ బఫర్ వచ్చింది 1968లో. ఎలక్ట్రోడ్‌కి పేరొచ్చింది గానీ, దాన్ని ఊళ్ళోకి తీసుకెళ్ళింది ఆ బఫరే అని నేనంటాను. నానోజైమ్ వాళ్ళల్లో బఫర్ మీద పీహెచ్‌డీ చేస్తానన్న కుర్రవాడిని నేనింతవరకు చూడలేదు. గైడ్ ఒప్పుకోడేమో.

హద్దుల సంగతి ఒకసారి చూడండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకోవచ్చు. మోలార్ లెక్కలో ఇవి సుమారు 53, 79 మైక్రోమోలార్లు. మా బాబాయికి కావలసిందల్లా ఈ రెండిటి మధ్య తేడా చెప్పగల కాగితం. నానోమోలార్ ఫ్లోరైడ్‌ని పట్టాం అని టైటిల్‌లో పెట్టుకునే పోటీ ఆయనకి ఏ విధంగానూ పనికిరాదు. అంత సున్నితమైన పరీక్ష 50 మైక్రోమోలార్లు దాటగానే పూర్తి ముదురు నీలానికి వెళ్ళి ఆగిపోతే, 1 మిల్లీగ్రాముకీ 3కీ తేడా తెలియదు. లిమిట్ ఆఫ్ డిటెక్షన్ (పట్టగల అతి తక్కువ మోతాదు) అంటే బ్లాంక్ ఊగిసలాటకి మూడు రెట్లని గీత వాలుతో భాగించడం. బ్లాంక్‌ని మిల్లీక్యూ నీళ్ళతో, ఏసీ గదిలో, ఒకే రోజు, ఒకే మనిషి చేస్తే ఆ ఊగిసలాట ఎంత కావాలంటే అంత తగ్గుతుంది. గొప్ప అంకె వస్తుంది. కనిగిరిలో మే నెల మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు వరండాలో చేసిన బ్లాంక్‌తో అదే లెక్క కట్టమనండి.

ఫోన్ యాప్‌ల గురించి కూడా ఒక మాట అనుకోవాలి, ఎందుకంటే బెంగళూరులో ఏ స్టార్టప్ పిచ్‌లో చూసినా ఫోన్ లేకుండా స్ట్రిప్ ఉండదు. ఫోన్ కెమెరా వెలుగుని బట్టి రంగుల్ని తనకి తోచినట్టు సరిదిద్దుకుంటుంది. ఎల్‌ఈడీ బల్బు కింద ఒక నీలం, ఎండలో ఒక నీలం, చెట్టునీడలో ఇంకొకటి. ఫోటోలోనే స్ట్రిప్ పక్కన ముద్రించిన రంగుల పట్టీ ఉంటే చాలావరకు దారిలోకి వస్తుంది, చిన్న అట్టపెట్టెలో పెట్టి తీస్తే ఇంకా మంచిది. అట్టపెట్టెకి ఎవరూ ఫండింగ్ ఇవ్వరు కాబట్టి పిచ్‌లో ఏఐ అని రాస్తారు.

ఇంత తిట్టాక, ఈ రంగం మూసేయాలని నేను అనడం లేదు. ఐఐఎస్సీలో జి. ముగేష్ బృందం 2014లో వనేడియం పెంటాక్సైడ్ నానోతీగలు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ పని చేస్తాయని చూపించింది. వాళ్ళు వెళ్ళిన దారి వేరు, రంగు పరీక్షలు కాకుండా జీవకణాల లోపలి ఆక్సీకరణ ఒత్తిడి వైపు. అయినా ఆ పని చదివితే, ఒక ఖనిజపు ఉపరితలం ఏ ఎంజైమ్‌ని ఎందుకు అనుకరిస్తుందో మెట్టు మెట్టుగా విప్పడం ఎలాగో తెలుస్తుంది. రంగు పరీక్షల వాళ్ళు కాస్త అరువు తెచ్చుకోవలసిన ఓపిక అది.

కిట్టు మనిషిగా నానోజైమ్‌లో నేను చూసేది ఓర్పు. హెచ్‌ఆర్‌పీ అంటించిన రీజెంట్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండాకాలంలో జెల్ ప్యాకులు పెట్టి ఒంగోలుకో అనంతపురానికో బస్సు పార్సిల్ వేస్తే, అది డిపోలో ఎంతసేపు ఎండలో కూర్చుందో ఎవరూ చెప్పలేరు. తీసుకున్నవాళ్ళు రంగు సరిగ్గా రాలేదని ఫోన్ చేస్తే మాకు టెన్షన్. 90 డిగ్రీలు చూసినా చెక్కుచెదరని కణం దొరికితే ఈ బాధ తప్పుతుంది. గ్రాముకి గ్రాము ఎంజైమ్ కంటే మందకొడి అయినా సరే, మాకు బంగారమే. కానీ అక్కడా చేయాల్సిన లెక్కలు మిగిలి ఉన్నాయి. ఐరన్ ఆక్సైడ్ వాడేకొద్దీ లోపలి ఫెర్రస్ ఇనుము ఖర్చయిపోయి మాగ్హెమైట్ అనే ఇంకో ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుందని, చురుకు తగ్గుతుందని 2022లో చైనా పరిశోధకులే చూపించారు. కాబట్టి ఎప్పటికీ చావని ఎంజైమ్ అనే ప్రచారం కొంచెం తగ్గించుకోవాలి. ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ కణం సైజు మారితే రంగు మారుతుంది. నిల్వ ఉంచితే కణాలు గడ్డకడతాయి. ఈ విషయాల మీద గ్రాఫ్ వేస్తే మంచి పత్రికలు తీసుకోవేమోనన్న భయం పిల్లలకి ఉంది, వాళ్ళ భయం అబద్ధం కూడా కాదు. రివ్యూ చేసేవాళ్ళు కొత్త పదార్థం ఏదీ అని అడుగుతారు. అందుకే రాగి మీద కోబాల్టు, కోబాల్టు మీద గ్రాఫీన్, దాని మీద ఇంకేదో, పొరమీద పొర వేసుకుంటూ పోతారు. వాటిని కేజీ లెక్కన చేసి ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఈ మధ్య ఒక పోస్టర్ దగ్గర గుంటూరు కుర్రవాడు, “అన్నా, మరి ఏం చేస్తే మీరు తీసుకుంటారు?” అని సూటిగా అడిగాడు. అప్పుడు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. ఆ సీరియం ఆక్సైడ్ ఫ్లోరైడ్ పరీక్షనే తీసుకో తమ్ముడూ, కొత్త పదార్థం వెతక్కు. బాగేపల్లి నుంచి, కనిగిరి నుంచి బోరు నీళ్ళు తెప్పించు, వడకట్టకు. వాటి క్షారత, ఫాస్ఫేట్, అల్యూమినియం రాసుకో. వాటికి తట్టుకునే గట్టి బఫర్ ఒకటి కుదుర్చు, అదే నీ థీసిస్ అనుకో. ప్రతి శాంపిల్‌నీ ఎలక్ట్రోడ్‌తో కూడా కొలిచి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టు, కుదరనివి కూడా. 1, 1.5 దగ్గర స్ట్రిప్ ఎన్నిసార్లు తప్పు చెప్పిందో, అందులో ఎన్ని తక్కువ చెప్పినవో విడిగా చూపించు. స్ట్రిప్పులు ఆర్నెల్లు బీరువా మీద, ఫ్రిజ్ బయట, పెట్టి మళ్ళీ చెయ్. అలాంటి పట్టిక ఉన్న పేపరు ఏ చిన్న పత్రికలో వచ్చినా నాకు పంపు. తయారీ ఖర్చు ఎంతవుతుందో మా ఓనర్ దగ్గర కూర్చుని లెక్క కట్టించే పూచీ నాది. అప్పటిదాకా మా బాబాయ్ నీళ్ళ సీసా పట్టుకుని ల్యాబుకే వెళతాడు.